ఇందూరు దారిలో ఆడుపిల్ల

యువజనుల దేశాటనమును గూర్చి వ్రాయువారు సాధారణముగా యూరపు ఖండమును తలంతురు. కాలినడకను తిరుగు విద్యార్థులకు విడిది గృహము లుండవలెనని 1909లో రిచర్డ్ షిర్మన్ అను జర్మను ఉపాధ్యాయుడు సంకల్పించెను. 1932లో పలుదేశముల విడిది గృహ సంఘములు ఆంస్టర్‌డాములో అంతర్జాతీయ సమాఖ్యగా నేర్పడినవి. రెండు ప్రపంచయుద్ధముల నడిమి కాలమున ఊరూరు తిరిగి లోకమును చూచుట అచ్చటి యువజనులకు విద్యలో నొక భాగమయ్యెను. ఆ కాలముననే మన నిజామాబాదు సీమలో యువజనులు ఏ దారిని నడచిరి? అందు ఆడుపిల్లల పాలెంత? ఈ ప్రశ్నను మేము పాఠకుల ముందుంచుచున్నాము.

ఈ సీమకు దారులు లేకపోలేదు. సికిందరాబాదునుండి మన్మాడు పోవు రైలు ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లనుండియే ఇందూరు మీదుగా నడచుచుండెను. 1923లో మంజీరపై ఆరంభమైన నిజాంసాగరు నిర్మాణము 1931లో ముగిసెను. కాలువనీరు పారిన నేలలో చెరకు పెరిగెను. తీరాంధ్రమునుండి రైతు కుటుంబములు వలస వచ్చినవి. 1937లో బోధను చెంత శక్కర్‌నగరున నిజాము చక్కెర కర్మాగారము నెలకొనెను.

అయితే దారి యొకటియే యైనను, నడచు హక్కు ఇరువురికి నొకటి కాదు. వందేమాతరము పాడినందులకు 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెడలగొట్టిన విద్యార్థు లనేకులు నాగపురము పోయి చదువు సాగించిరి. ఆ పయనము చరిత్ర కెక్కెను. ఒక తలుపు మూసినను మగవానికి వేరొక యూరు, వేరొక కళాశాల యుండెను. కలిగిన యింటి బాలికకో, దారి యనగా పుట్టింటినుండి అత్తవారింటికి తెరగట్టిన బండి, కాదేని రైలులో జనానా పెట్టె. బాల్యవివాహములను నిషేధించిన 1929 నాటి శారదా చట్టము బ్రిటిషు ఇండియాకే గాని నిజాము రాష్ట్రమునకు వర్తింపదయ్యెను. లోకమును చూడవలెనను కోరిక పుట్టు వయస్సునకే ఆమె గృహిణి యగుచుండెను.

స్త్రీ గడప దాటరాదను నియమము అందరికి నుండెనా? లేదు. చెరకు తోటలో కలుపు తీయబోవు కూలిపిల్ల తెల్లవారుజాముననే నడచి పోవుచుండెను. ఆమెకు ఘోషా లేదు. కాని ఆ నడకను స్వేచ్ఛ యని యెవరును పిలువలేదు. కడుపు కొరకు నడచిన ఆడుదానిని లోకము తప్పుపట్టలేదు. తెలివి కొరకు నడచినదానినే తప్పుపట్టెను.

ఈ కట్టును కొంత సడలించినవి ఆంధ్ర మహాసభలు. 1930లో జోగిపేట సభతోపాటు మహిళాసభయు జరిగెను. నడింపల్లి సుందరమ్మగారు దానికి అధ్యక్షురాలు. పిమ్మట దేవరకొండ, ఖమ్మము, సిరిసిల్ల, షాద్‌నగరులలో నిట్లే జరిగెను. సభ ఊరు మారినప్పుడెల్ల స్త్రీలును ఊరు కదలవలసి వచ్చెను. 1937లో ఆరవ సభ నిజామాబాదునకు వచ్చినప్పుడు మందుముల నరసింగరావుగారు మహాసభకును, నందగిరి ఇందిరాదేవిగారు మహిళాసభకును అధ్యక్షత వహించిరి. 1919లో జన్మించిన ఇందిరాదేవిగారు అప్పటి కిరువదియేండ్లు నిండని యువతి. ఆ వయస్సు స్త్రీ పరాయి యూరికి వచ్చి సభకు అధ్యక్షత వహించుట నాటి ఇందూరునకు స్వల్ప విషయము కాదు.

వీరిలో పలువురు నాయకుల గృహిణులే గదా, ఇది స్వతంత్ర ప్రయాణ మెట్లగునని కొందరందురు. నిజమే, బంధుత్వమే వారికి రైలు టికెట్టు. కాని వేదికపై పలికిన మాట వారిదే. లోపము వేరొకచోట నున్నదని మా తలంపు. ఘోషా, బాల్యవివాహము, వితంతు వివాహము, స్త్రీవిద్య అనునవి ఆ సభల ముఖ్యాంశములు. ఘోషాయే యెరుగని కూలిపిల్లకు వీనిలో నెక్కువగా కావలసినది చదువు. అదియే ఆమెకు మిక్కిలి ఆలస్యముగా చేరెను.

శక్కర్‌నగరు కర్మాగారము 2015లో మూతపడినది. ఆ దారులు మిగిలియున్నవి; వానిపై నడచు బాలికలు నేడు వేలకొలది. ఐనను ఊరికి బయలుదేరిన కుమారుని 'ఎక్కడికి?' అని, కుమార్తెను 'ఎవరితో?' అని అడుగు ఇండ్లు నేటికిని కలవు. ఆ రెండవ ప్రశ్నకు ఇంత చరిత్ర కలదు. పాఠకులు తమ యిండ్లలోని వృద్ధస్త్రీలను వారి తొలి పయనమును గూర్చి యడిగి, చెప్పినది చెప్పినట్లు వ్రాసియుంచవలెనని మా మనవి.