ఫ్లాష్ జ్ఞాపకము: నకలు తీయుటలో చిక్కులు

నీళ్ళలో పడి పాడైన ఒక సెల్‌ఫోను ఉన్నదనుకొందాము. తెర వెలగదు, మీటలు పనిచేయవు. కాని లోపలి జ్ఞాపకపు చిప్ చెడలేదు. దానిని వేడిగాలితో ఊడదీసి, చదివే యంత్రంలో పెట్టి, అందులోని అంకెలన్నిటినీ ఉన్నవి ఉన్నట్లు కంప్యూటరులోకి ఎక్కించాము. ఇట్టి నకలును పరిశోధకులు ‘ఇమేజ్ డంప్’ అంటారు. ఇక ఫోనులోని సందేశాలు కళ్ళెదుట కనబడవలసినదే గదా! తెరచి చూస్తే ఒక వాక్యం సగంలో తెగుతుంది. నడుమ అర్థంలేని 16 బైట్లు వస్తాయి. మిగిలిన సగం ఆ వెనుకనే ఉండవచ్చు, లేదా మరెక్కడో తేలవచ్చు. తప్పు నకలుదా, చిప్‌దా? ఆ నకలు న్యాయస్థానానికి వెళ్ళేదైతే ఈ ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు. ఒక మనిషి స్వేచ్ఛ దానిపై ఆధారపడవచ్చును. జవాబు కోసం ఈ చిప్ పుట్టుక దగ్గరకు పోవాలి.

1967లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డావన్ కాంగ్, సైమన్ జీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ట్రాన్సిస్టరులో, నలువైపులా విద్యున్నిరోధక పదార్థం కప్పిన ఒక చిన్న పలకను ఇమిడ్చి, దానిలో ఎలక్ట్రానులను బంధించవచ్చునని చూపారు. కరెంటు తీసివేసినా అవి చాలాకాలం అక్కడే ఉంటాయి. 1971లో ఇంటెల్ కంపెనీలో డోవ్ ఫ్రోమాన్ ఇట్టి చిప్‌నే తయారుచేశాడు. కాని వ్రాసినది చెరపాలంటే దాని గాజు కిటికీపై అతినీలలోహిత కిరణాలు పడనివ్వాలి. విద్యుత్తుతోనే పెద్ద భాగాన్ని ఒక్కసారిగా చెరిపే ఉపాయాన్ని జపానులోని తోషిబా ఇంజనీరు ఫుజియో మసువోకా 1984లో ప్రకటించాడు. ఆ చెరుపు కెమెరా వెలుగును తలపించినందున సహోద్యోగి షోజి అరియిజుమి దానికి ‘ఫ్లాష్’ అని పేరు సూచించాడు. 1987లో మసువోకా బృందమే ‘నాండ్’ అనే రకాన్ని తెచ్చినది. ఇందులో జ్ఞాపకపు గదులు గొలుసుకట్టుగా ఉంటాయి, ఒక్కొక్క గదికి విడిగా తీగ తగిలించనక్కరలేదు. కనుక చోటు కలిసివచ్చి చౌక అయినది.

చౌక సరుకులో లోపాలుండటం వింత కాదు. కార్ఖానా నుండి వచ్చేటప్పటికే నాండ్ చిప్‌లో కొన్ని భాగాలు చెడి ఉండవచ్చు. చెరిపినకొద్దీ మిగిలినవీ అరుగుతాయి. అందుకని తయారుచేసినవారు ప్రతి పుటకూ ఒక అంచు కేటాయించారు. ఆనాటి డిస్కులలో ఒక ఖండం 512 బైట్లు కాబట్టి పుట కూడ 512 బైట్లే, అంచు 16 బైట్లు, మొత్తం 528. ఇట్టి 32 పుటలు ఒక కట్ట. చాలా చిప్‌లలో అంచులోని ఆరవ బైటు 255 కాకుంటే ఆ కట్ట చెడినదని గుర్తు. మనం చూచిన అర్థంలేని 16 బైట్లు ఈ అంచే.

కనుక నకలు చేతికి రాగానే మొదట చూడవలసినది దాని పరిమాణం. 64 మెగాబైట్ల చిప్‌లో 1,31,072 పుటలు. నకలు 6,71,08,864 బైట్లు ఉంటే అంచులు లేవు, 6,92,06,016 ఉంటే ఉన్నాయి. విద్యార్థులు 512తోను 528తోను హెచ్చించి చూచుకొనవచ్చును. ఈ రెండూ కాకుంటే చదివిన సాధనం చెడిన కట్టలను దాటవేసిందేమో అనుమానించాలి. అట్లా ఒక్క కట్ట పోతే దాని తరువాతివన్నీ 16,896 బైట్లు ముందుకు జరుగుతాయి.

నకలంతా 255లే వస్తే అది చెరిపిన చిప్ కావచ్చు, అసలు చిప్ సరిగా తగలకపోవటమూ కావచ్చు. నాకు ముచ్చటగా తోచేది మరొక దోషం. ఎనిమిది తీగలలో 32 విలువగల తీగ ఒక్కటి ఎప్పుడూ సున్నాయే చూపుతున్నదనుకొనండి. ఇంగ్లీషు చిన్నబడి అక్షరానికీ పెద్దబడి అక్షరానికీ తేడా సరిగా 32; పదాల మధ్య ఖాళీ సంకేతమూ 32. అందుచేత చిన్నబడి అక్షరాలన్నీ పెద్దబడిగా మారి, ఖాళీలు మాయమవుతాయి! తెలుగు సందేశాల సంగతి వేరు. పాత ఫోనులలో తెలుగు అక్షరానికి రెండేసి బైట్లు, అందులో ఒకటి 12. బైటు విడిచి బైటు 12 కనబడితే అక్కడ తెలుగు ఉండవచ్చునని గ్రహించాలి.

అంచులు కోసివేసినా పుటలు వరుసలో ఉండవు. చిప్ అన్నివైపులా సమానంగా అరగాలని ఫోను ప్రతి మార్పునూ కొత్త చోట వ్రాస్తుంది, పాతదానిని వెంటనే చెరపదు. త్రాడు తెగి చెదరిన తాళపత్ర గ్రంథానికి ఆకుల అంకెలు ఎట్లాగో, ఇక్కడ అంచులో వ్రాసిన సంఖ్యలు అట్లాగు. ఒకే సంఖ్యతో రెండు మూడు ఆకులు దొరకటం మాత్రం ఇక్కడి విశేషం. నెదర్లాండ్సు దేశపు నేరపరిశోధన సంస్థకు చెందిన మార్సెల్ బ్రూస్మా, అతని సహచరులు 2007లో ప్రచురించిన వ్యాసంలో ఈ కూర్పు పనిని వివరించారు. యజమాని తుడిచివేశాననుకొన్న సందేశం పాత ఆకులో బయటపడేది ఇందువలననే. తరువాతి ఫోనులలో వ్రాతంతా గూఢలిపిలో ఉండటం వాడుక అయినది. తాళంచెవి ఫోను ప్రాసెసరులో ఉండిపోతుంది కనుక చిప్ ఒక్కటే దొరికితే ఈ కూర్పు నేర్పు అక్కరకు రాదు.

ఇక అన్నిటికంటె ఇబ్బందియైనది: ఒకే చిప్‌ను రెండుసార్లు చదివితే రెండు నకళ్ళు అచ్చంగా ఒకటి కాకపోవచ్చు. బంధించిన ఎలక్ట్రానులు కొన్ని కాలక్రమాన కారిపోతాయి. ఒకటికీ సున్నాకూ నడుమ ఊగే గది ఒకసారి అటు, ఒకసారి ఇటు పలుకుతుంది. రిచర్డ్ హామింగ్ 1950లో ప్రకటించిన దోషసవరణ సంకేతాలు ఇక్కడ ఆదుకొంటాయి. 256 బైట్లకు అంచులో 3 బైట్లు ఉంచితే ఒక బిట్ తప్పును దిద్దవచ్చు, రెండు తప్పులుంటే ఉన్నవని మాత్రం తెలుస్తుంది. తప్పులు అంతకు మించితే దిక్కులేదు. అయా ఫుకామి, ఆమె సహపరిశోధకులు 2017లో ప్రచురించిన పరిశోధనలో చిప్‌ను వేడిచేసి ఊడదీయుటే ఇట్టి తప్పులను బాగా పెంచుతుందని తేలినది. సాక్ష్యాన్ని కాపాడబోయి మనమే దానిని కొంత చెరుపుతున్నామన్నమాట. చిప్‌లోనే ఉన్న పునఃపఠన ఏర్పాటుతో, చదివే వోల్టేజిని కొంచెం జరిపి మళ్ళీ చదివితే, తప్పులు చాలావరకు తగ్గుతాయని కూడ వారు చూపారు. అందుచేత జాగ్రత్తగల పరిశోధకుడు ఒక్క నకలుతో తృప్తిపడడు. పలుమార్లు చదివి, ప్రతి బిట్‌కూ ఎక్కువసార్లు వచ్చిన విలువను తీసుకొని, ఎన్నిచోట్ల దిద్దినదీ, ఎక్కడ దిద్దలేకపోయినదీ నివేదికలో వ్రాస్తాడు.