ఖార్కోవ్ సైకిలూ, మన ఊరి సైకిలూ

“కొత్త ఒక వింత, పాత ఒక రోత” అన్నారు మన పెద్దలు. సైకిళ్ళ విషయంలో మాత్రం ఈ సామెత తిరగబడింది. ఒకప్పటి సోవియట్ దేశాలలో నలభై, యాభై ఏళ్ళ నాటి సైకిళ్ళను ఏ పశువుల కొట్టంలోనో, ఏ అటక మీదనో వెతికి పట్టుకుని, తుప్పు గీకి, నూనె పోసి, మురిసిపోతూ తొక్కుతున్న వారున్నారు. కొత్తది కొనే స్తోమత లేక కాదు, ఆ పాత ఇనుము మీద మమకారంతో! ఆ మమకారంలో జ్ఞాపకాల పాలెంత, నిజమైన నాణ్యత పాలెంత అన్నది తరచి చూడదగిన విషయం. ఎందుకంటే ఆ కథ చివరకు మన నాన్నగారి సైకిల్ దగ్గరికే వచ్చి ఆగుతుంది.

తెలుగువారికి సోవియట్ దేశం కొత్త కాదు. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలను విశాలాంధ్ర దుకాణాలలో చవకగా కొని చదివిన తరం మనది. హైదరాబాదు ఐ.డి.పి.ఎల్. కర్మాగారం, విశాఖ ఉక్కు కర్మాగారం సోవియట్ సహకారంతో వెలిసినవే. రష్యా యంత్రమంటే బరువుగా, మొరటుగా ఉంటుంది గాని చెడిపోదని మనవాళ్ళలో ఒక నమ్మకం ఉండేది. వారి సైకిళ్ళ గురించి వారు చెప్పుకునే మాట కూడా దాదాపు అదే.

అక్కడి సైకిల్ చరిత్ర విప్లవానికి ముందే మొదలైంది. 1886లో బాల్టిక్ తీరాన రీగా నగరంలో అలెగ్జాండర్ లెయిట్నర్ అనే ఆయన సైకిళ్ళ కర్మాగారం పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సేనలు దగ్గర పడుతుంటే ఆ కర్మాగారాన్ని యంత్రాలతో సహా ఖార్కోవ్‌కు తరలించారు. నేడు ఖార్కివ్ అని పిలుస్తున్న ఉక్రెయిన్ నగరం అదే. విప్లవం తర్వాత ఆ కర్మాగారమే సోవియట్ సైకిళ్ళకు పెద్ద పుట్టిల్లయింది. రెండో ప్రపంచ యుద్ధంలో దేశం నేలమట్టమయ్యాక, బెలారుస్ రాజధాని మిన్స్క్‌లో మరో కర్మాగారం 1947లో సైకిళ్ళు తయారు చేయడం ప్రారంభించింది. రష్యాలో పెన్జా నగరం కూడా సైకిళ్ళకు పేరు పొందింది.

వీటిలో ఇంటింటి బండి ఖార్కోవ్ వారి ‘ఉక్రాయినా’. నల్లటి నిలువెత్తు సైకిల్, పెద్ద చక్రాలు, వెనుక కేరియర్. హేండిల్‌కు బ్రేకు ఉండదు. పెడల్‌ను వెనక్కి తొక్కితే చాలు, బండి ఆగుతుంది. సీటు వెనుక వేలాడే చిన్న సంచిలో స్పానర్లు బండితో పాటే వచ్చేవి. అంటే సైకిల్ కొన్నవాడే దాన్ని బాగు చేసుకుంటాడని తయారీదారు ముందే అనుకున్నాడన్న మాట! పల్లెల్లో బంగాళదుంపల బస్తాలు, పాల క్యానులు దీని మీదే కదిలేవి. పందేల కోసం అదే కర్మాగారం ‘స్టార్ట్-షొస్సే’ అనే తేలికపాటి సైకిల్ కూడా చేసింది. ఆ కాలపు కుర్రాళ్ళకు అదొక తీరని కల.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. బండి బరువు. పెడల్ కాడను బిగించే కాటర్ పిన్ను తరచూ వదులయ్యేది. పైవారు నిర్ణయించిన లెక్క పూర్తి చేయడానికి నెలాఖరులో హడావిడిగా బిగించి పంపడం సోవియట్ కర్మాగారాలన్నింటికీ ఉన్న జబ్బు. కాబట్టి కొన్న రోజే ప్రతి నట్టూ మళ్ళీ ఒకసారి బిగించుకోవడం తెలివైన వాళ్ళ పని.

ఈ వర్ణన వింటుంటే మన ఊరి సైకిల్ కళ్ళ ముందు కదలడం లేదూ? అందుకు కారణముంది. రెండింటికీ తాత ఒకడే. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తయారు చేసిన ‘రోవర్’ సైకిల్, 1888లో డన్‌లప్ కనిపెట్టిన గాలి టైరు, ఈ రెండూ కలిసి నేటి సైకిల్‌కు రూపమిచ్చాయి. అక్కడి నుంచి ఒక శాఖ రీగాకు, మరో శాఖ మన రేవులకు చేరింది. రాలీ, హెర్క్యులిస్, బి.ఎస్.ఏ. పేర్లు ఓడల మీద మన ఊళ్ళకు వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చాక ఇక్కడే తయారీ ఊపందుకుంది. 1949లో ఆరంభమైన టి.ఐ. సైకిల్స్ మద్రాసు దగ్గర అంబత్తూరులో హెర్క్యులిస్‌లు చేసింది. బెంగాల్‌లోని ఆసన్‌సోల్‌లో సెన్-రాలీ వెలిసింది. 1951లో సోనేపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో వచ్చాయి. 1986 నాటికి హీరో ప్రపంచంలోకెల్లా ఎక్కువ సైకిళ్ళు చేసే సంస్థగా గిన్నిస్ పుస్తకానికెక్కింది.

మన దేశంలో ఆ రోజుల్లో సైకిల్ అంటే ఆస్తి. కట్నంలో సైకిల్, గడియారం, రేడియో అడిగే రోజులవి. మునిసిపాలిటీకి పన్ను కట్టి బిళ్ళ తగిలించుకోవాలి. దీపం లేకుండా రాత్రి పూట తొక్కినా, ఇద్దరెక్కినా పోలీసు ఆపేవాడు. సోవియట్ దేశంలోనూ ఒకప్పుడు సైకిళ్ళకు నంబరు పలకలుండేవి. సైకిల్ కొనలేని వాడికి గంటల లెక్కన అద్దె సైకిల్ దొరికేది. కాళ్ళందని పిల్లలు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కేవారు. పాల వ్యాపారి, పోస్టుమాన్, బడి పంతులు, చేనేత బట్టల మూట కట్టుకుని ఊరూరా తిరిగే వర్తకుడు అందరికీ అదే వాహనం. పుచ్చలపల్లి సుందరయ్యగారు 1952లో రాజ్యసభ సభ్యులయ్యాక పార్లమెంటుకు కూడా సైకిల్ మీదే వెళ్ళేవారన్నది అందరికీ తెలిసిన సంగతి.

ఇంతకీ నాణ్యత అంటే ఏమిటి? పాత సైకిల్‌లో అది మూడు చోట్ల కనిపిస్తుంది. మొదటిది ఫ్రేము. ఉక్కు గొట్టాలను ఉక్కు గూళ్ళలో దూర్చి, ఇత్తడి కరిగించి అతికించేవారు. గుంతల రోడ్డు మీద బస్తాతో పోయినా ఉక్కు కొంత వంగి సర్దుకుంటుంది గాని ఒక్కసారిగా విరగదు. వంగితే మళ్ళీ సరి చేయవచ్చు. రెండవది విడి భాగాలు. చైను, ఫ్రీ వీలు, పెడలు, గుళ్ళు దేనికది విప్పి మార్చుకోవచ్చు. ఏ చిన్న ఊళ్ళోనైనా దొరుకుతాయి. మూడవది అన్నింటికంటే ముఖ్యం. దాన్ని బాగు చేసే విద్య అందరికీ అందుబాటులో ఉండేది. నీళ్ళ బేసినులో ట్యూబు ముంచి బుడగలు చూసి పంక్చర్ వేయడం, స్పోకులు బిగించి చక్రం బెండు తీయడం, ఏడాదికోసారి ఓవరాయిలింగ్ చేయడం చెట్టు కింద కూర్చున్న మెకానిక్ చేసే పనులు. పదేళ్ళ పిల్లవాడు పక్కన కూర్చుని చూస్తే నేర్చుకోగలిగినవి. ఉక్రాయినా సంచిలోని స్పానరు, మన చెట్టు కింది మెకానిక్ చేతిలోని స్పానరు చెప్పేది ఒకటే మాట: చెడిపోనిది నాణ్యమైన వస్తువని మనం అనుకుంటాం, కాని నాణ్యమైన వస్తువంటే చెడిపోయినా మన చేతికి లొంగేది.

ఆ కాలం గడిచిపోయింది. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయింది. మన దేశంలో స్కూటర్లు, మోటారు సైకిళ్ళు రోడ్లను ఆక్రమించాయి. సాహిబాబాదులోని అట్లాస్ కర్మాగారం 2020 జూన్ 3న మూతపడింది. విచిత్రమేమిటంటే ఆ రోజు ఐక్యరాజ్య సమితి ప్రకటించిన ప్రపంచ సైకిల్ దినోత్సవం!

ఇక మనముంటున్న ఎమిరేట్స్ సంగతికి వద్దాం. 1991 తర్వాత దుబాయిలో దేరా బజార్లకు రష్యా వర్తకులు తండోపతండాలుగా వచ్చి, దుకాణాల మీద రష్యన్ అక్షరాలు వెలిశాయి. ఇప్పుడు ఈ దేశానికి సైకిళ్ళతో బంధం మరింత పెరిగింది. 1954లో మొదలైన ఇటలీ సైకిళ్ళ సంస్థ కొల్నాగోలో అధిక వాటాను 2020లో అబూ ధాబీకి చెందిన కిమేరా కొన్నది. అదే ఏడు ఈ దేశం పేరు పెట్టుకున్న జట్టు తరఫున కొల్నాగో తొక్కి, స్లొవేనియా యువకుడు తదేయ్ పొగాచర్ టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. అల్ ఖుద్రా ఎడారిలో 80 కిలోమీటర్లకు పైగా సైకిల్ బాట ఉంది. వారాంతాలలో తెల్లవారకముందే మన సభ్యులు కొందరు పిల్లలతో అక్కడ కనిపిస్తారు. సంతోషించదగ్గ విషయమే.

అయితే ఇదే దేశంలో ఇంకో సైకిల్ కూడా తిరుగుతోంది. సత్వా, దేరా, షార్జా రోల్లా సందుల్లో నీళ్ళ సీసాలు, కిరాణా సరుకులు మోసుకుపోయే సైకిల్ అది. పని అయ్యాక క్యాంపుకు ఎండలో తొక్కుకుంటూ వెళ్ళే కూలీ సైకిల్ కూడా అదే. ఆ తొక్కేవారిలో కరీంనగర్, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల మన తమ్ముళ్ళూ ఉన్నారు. ముప్ఫై ఏళ్ళ క్రితం మన నాన్నగారు తొక్కిన సైకిల్ ఏ పని చేసిందో, ఇది నేడు అదే పని చేస్తోంది. ఒక చెల్లెలి పెళ్ళి, ఒక కొడుకు చదువు దాని కేరియర్ మీద కదులుతున్నాయి. కారు అద్దంలోంచి చూస్తే అడ్డం వచ్చిన బండిలా కనిపించేది, మన ఇంటి చరిత్రే.

కాబట్టి అసోసియేషన్ సభ్యులకు రెండు మనవులు. మొదటిది, సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు వసారాలో మూల పడి ఉన్న ఆ పాత సైకిల్‌ను పాత ఇనుము వాడికి వేయకండి. ఒకసారి ఓవరాయిలింగ్ చేయించి, పిల్లల చేత పంక్చర్ వేయించండి. ఏ మ్యూజియమూ నేర్పని పాఠం నేర్చుకుంటారు. రెండవది, ఇక్కడ పిల్లలు పెరిగి వదిలేసిన సైకిళ్ళను బాల్కనీలో తుప్పు పట్టనివ్వకండి. చిన్నవాటిని సాటి కుటుంబాల పిల్లలకు, పెద్దవాటిని అవసరమున్న సోదరులకు, ముందు వెనుక దీపాలు, హెల్మెట్, రాత్రి మెరిసే జాకెట్టుతో సహా ఇవ్వండి. చీకటి రోడ్డు మీద ఆ దీపం ఒక ప్రాణం.

ఖార్కోవ్‌లో చేసినా, లూధియానాలో చేసినా పాత సైకిల్ గొప్పదనం అది మోసిన బరువులోనే ఉంది. మనల్ని ఇంత దూరం మోసుకొచ్చిన ఆ రెండు చక్రాలకు ఈ ఉగాది వేళ ఒక నమస్కారం. అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.