ఐరోపా సుస్థిరాభివృద్ధి: కాలపరిధి సమస్య, ఎంషర్ నది అనుభవం

ఐరోపా సమాఖ్య 2001 జూన్‌లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ శిఖరాగ్ర సమావేశంలో తన తొలి సుస్థిరాభివృద్ధి వ్యూహాన్ని ఆమోదించింది. వాతావరణ మార్పు, రవాణా, ప్రజారోగ్యం, సహజ వనరులు అందులోని ముఖ్యాంశాలు. 2006లో దాన్ని తిరగరాశారు. 2010లో ‘యూరప్ 2020’ వచ్చాక దాని ఊసు ఎత్తేవాళ్లు తగ్గిపోయారు. తరాల కోసమని రాసుకున్న వ్యూహం పదేళ్లకే మరుగున పడింది. ఆ పత్రంలో ఆశయాలకు కొదవ లేదు. అయితే దాన్ని నడిపే బాధ్యత ఎవరిదో, ఖర్చు ఎవరు పెట్టాలో, గడువు తప్పితే ఎవరు జవాబు చెప్పాలో అందులో లేదు. ఈ మూడూ లేని వ్యూహం ఎంత దూరం చూసినా నిలవదన్నది ఈ వ్యాసం వాదన.

సమాఖ్యలో అధికారానికి ఉన్న గడువులు చిన్నవి. పార్లమెంటుకు, కమిషన్‌కు ఐదేళ్లు. బడ్జెట్ చట్రానికి ఏడేళ్లు. మంత్రిమండలి అధ్యక్షత ఆరు నెలలకోసారి చేతులు మారుతుంది. కానీ భూగర్భ జలంలో చేరిన నైట్రేట్ తగ్గడానికి దశాబ్దాలు పడుతుంది. ఈ రెండు కాలాలూ పొసగాలంటే ఏం కావాలో ఐరోపాలోనే ఒక నది చూపించింది.

జర్మనీలోని రూర్ ప్రాంతంలో ఎంషర్ నది పొడవు సుమారు 80 కిలోమీటర్లు. బొగ్గు తవ్వకాలతో అక్కడి నేల కుంగుతూ ఉండేది. భూమి లోపల మురుగు పైపులు వేస్తే విరిగిపోయేవి. అందుకని ఊళ్ల మురుగు, కార్ఖానాల వ్యర్థజలం కలిపి కాంక్రీటు పరిచిన నదిలోనే పారించారు. గట్ల వెంట కంచెలు కట్టారు. ఒక శతాబ్దం పాటు ఎంషర్ అంటే తెరిచి ఉంచిన మురుగు కాలువే. బొగ్గుబావులు ఉత్తరానికి జరిగి నేల స్థిరపడ్డాకే పైపుల ఆలోచన సాధ్యమైంది. 1992లో మొదలుపెట్టిన పని 2021 చివరికి గానీ కొలిక్కి రాలేదు. డార్ట్‌మండ్ నుంచి డిన్స్‌లాకెన్ దాకా 51 కిలోమీటర్ల ప్రధాన మురుగు సొరంగం వేశారు. నేల వాలు తక్కువ కావడంతో అది కొన్నిచోట్ల 40 మీటర్ల లోతుకు దిగుతుంది. అక్కడి నుంచి పంపులు మురుగును పైకి ఎత్తాలి. మొత్తం ఖర్చు సుమారు 550 కోట్ల యూరోలు. 2022 నుంచి నదిలో మురుగు పారడం లేదు.

ఈ ముప్పై ఏళ్లలో బెర్లిన్‌లో ప్రభుత్వాలు మారాయి, కరెన్సీయే మారింది. పని ఆగలేదు. కారణం 1899లో ఏర్పడిన ఎంషర్ సహకార సంఘం. నది పరీవాహకంలోని పట్టణాలు, గని కంపెనీలు, కార్ఖానాలు అందులో సభ్యులు. ఎవరి వల్ల ఎంత భారం పడుతుందో దాన్ని బట్టి వాళ్లు చందా కడతారు. ఎన్నికల ఫలితం ఎలా వచ్చినా చందా రావాల్సిందే. నా దృష్టిలో ఐరోపా పర్యావరణ పాలనలో సొరంగం కంటే గొప్ప నిర్మాణం ఈ చందా పద్ధతే.

అదే ప్రాంతంలో బొగ్గు సంగతి కూడా చూడాలి. సబ్సిడీతో నడిచే రాతిబొగ్గు గనులను 2018 చివరికల్లా మూసేయాలని జర్మనీ 2007లోనే చట్టం చేసింది. పదకొండేళ్ల వ్యవధి దొరికింది. కార్మికులను బలవంతంగా తొలగించకుండా ముందస్తు విరమణలతో, బదిలీలతో నెట్టుకొచ్చారు. 2018 డిసెంబరు 21న బోట్రాప్‌లోని ప్రోస్పర్ హానియెల్ గని నుంచి చివరి బొగ్గుగడ్డను తెచ్చి దేశాధ్యక్షుడు స్టెయిన్‌మెయర్ చేతిలో పెట్టారు. గని మూసినా నీళ్లు తోడటం ఆపడానికి లేదు. ఆపితే కుంగిన నేల మునిగిపోతుంది. ఆ శాశ్వత ఖర్చు కోసమే 2007లో ఒక నిధి సంస్థను నెలకొల్పారు. బావి మూతపడక ముందే దాని తర్వాతి ఖర్చుకు డబ్బు కూడబెట్టడం ఎంత అవసరమో సింగరేణి ప్రాంతంలో ఉన్నవారికి వేరే చెప్పనక్కర్లేదు.

ఈ అనుభవాన్ని అతిగా పొగడకూడదు. ఎంషర్ ఒడ్డునే ఉన్న గెల్సెన్‌కిర్షెన్ నేటికీ జర్మనీలో నిరుద్యోగం అత్యధికంగా ఉన్న నగరాల్లో ఒకటి. నదికి దొరికిన స్థిరమైన వ్యవస్థ అక్కడి యువత ఉపాధికి దొరకలేదు. సుస్థిరాభివృద్ధిలో రెండో మాట అభివృద్ధి. ఆ సగాన్ని వదిలేసిన చోట జనం వ్యూహానికే ఎదురు తిరుగుతారు. పురుగుమందుల వాడకాన్ని 2030 నాటికి సగానికి తగ్గించాలని 2022లో తెచ్చిన ప్రతిపాదనను, పార్లమెంటు తిరస్కరణ, ట్రాక్టర్లతో రోడ్డెక్కిన రైతుల ఆందోళనల తర్వాత కమిషన్ 2024లో వెనక్కి తీసుకుంది. లక్ష్యం తప్పని నేననుకోను. రైతు నష్టాన్ని ఎవరు భరించాలో ముందే తేల్చకపోవడం తప్పు.

భావి ఓటర్ల చేతులు ఇప్పుడే కట్టేయడం ప్రజాస్వామ్యమా అన్న అభ్యంతరం ఉంది, అది బలమైనదే. జర్మనీ 2007 బొగ్గు చట్టంలోనే దీనికి ఒక జవాబు ఉంది: నిర్ణయాన్ని 2012లో పునఃపరిశీలించే వీలు పెట్టారు, 2011లో జర్మనీ పార్లమెంటే ఆ నిబంధనను తీసేసింది. మార్చుకునే దారి తెరిచి ఉంచి, మార్చాలంటే బహిరంగంగా ఓటు వేయాల్సి వచ్చేలా చేయడం వేరు. లక్ష్యాన్ని చడీచప్పుడు లేకుండా నీరుగార్చడం వేరు. ఐరోపా సమాఖ్య కర్బన ఉద్గారాల విపణి కూడా ఇలాగే కుదురుకుంది. 2005లో మొదలై, అవసరానికి మించి అనుమతులు పంచడంతోనూ ఆర్థిక మాంద్యంతోనూ 2013లో టన్ను ధర మూడు యూరోల కిందికి జారింది. మిగులును చట్టప్రకారం తనంతట తానే పక్కకు తీసే నిల్వ 2019లో అమల్లోకి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో ధర వంద యూరోలు దాటింది.

2050 నాటికి కర్బన తటస్థతను చట్టబద్ధం చేసిన 2021 వాతావరణ చట్టంలో గడువు ఉంది, స్వతంత్ర శాస్త్రీయ సలహా మండలి ఉంది. మూడోదైన డబ్బు మాత్రం ఇప్పటికీ ఏడేళ్ల పద్దులోనే ఉంది. 1992 నుంచి పర్యావరణ పనులకు విడిగా కేటాయిస్తూ వచ్చిన ‘లైఫ్’ నిధికి 2028 నుంచి ప్రత్యేక పద్దు లేకుండా, దాని పనులను ఇతర నిధుల్లో కలపాలని కమిషన్ 2025 జూలైలో ప్రతిపాదించింది. ఎంషర్ పద్ధతిలో ఆలోచిస్తే జరగాల్సింది ఇందుకు విరుద్ధం: ఉద్గారాల విపణి రాబడిలో ఒక నిర్ణీత వాటాను బడ్జెట్ బేరసారాలకు అందకుండా, నదులకూ నేలకూ, వాటిపై బతికే కార్మికులకూ రైతులకూ రాసిచ్చేయాలి.