దిగుమతుల దెబ్బకు ఉద్యోగం పోతే: అమెరికా టీఏఏ పథకంలో అర్హులెవరు?

ఫ్యాక్టరీలో ఉద్యోగం పోవడానికి కారణాలు అనేకం: కొత్త యంత్రాలు, తగ్గిన గిరాకీ, యాజమాన్యం తప్పిదాలు, విదేశీ పోటీ. వీటిలో చివరిదాన్ని అమెరికా ప్రభుత్వం 60 ఏళ్లపాటు ప్రత్యేకంగా చూసింది. విదేశీ వాణిజ్యం వల్ల పని కోల్పోయినవారికి మామూలు నిరుద్యోగ భృతికి మించి సాయం అందించింది. ఆ పథకమే ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్, సంక్షిప్తంగా టీఏఏ.

ఎలా మొదలైంది?

కెన్నెడీ హయాంలో 1962 వాణిజ్య విస్తరణ చట్టంతో ఇది వచ్చింది. సుంకాలు తగ్గితే లాభం దేశమంతటికీ, నష్టం మాత్రం కొన్ని ఊళ్లకు. ఆ నష్టాన్ని దేశం పంచుకోవాలన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. అయితే ఉద్యోగాలు పోవడానికి సుంకాల రాయితీలే ప్రధాన కారణమని నిరూపించాల్సి వచ్చేది. దాంతో 1969 దాకా ఒక్క కార్మిక బృందానికీ ఆమోదం దక్కలేదు. 1974 చట్టం ఈ షరతును సడలించింది. దిగుమతులు ముఖ్య కారణాల్లో ఒకటైతే చాలంది.

మొదటి మెట్టు: బృందానికి గుర్తింపు

కార్మికుడు ఒంటరిగా అర్జీ పెట్టుకుంటే కుదిరేది కాదు. కార్మికుల బృందం గానీ, యూనియన్ గానీ, యాజమాన్యం గానీ, రాష్ట్ర ఉపాధి విభాగం గానీ కార్మిక శాఖకు పిటిషన్ పెట్టాల్సి వచ్చేది. కంపెనీ అమ్మకాలు, ఉత్పత్తి, దిగుమతుల వివరాలను ఆ శాఖ పరిశీలించేది. 2015 నిబంధనల ప్రకారం అర్హతకు ప్రధాన మార్గాలు మూడు:

- పోటీ వస్తువుల, సేవల దిగుమతులు పెరిగి కంపెనీ అమ్మకాలు గానీ ఉత్పత్తి గానీ పడిపోవడం
- కంపెనీ తన పనిని విదేశానికి తరలించడం, లేదా అక్కడి నుంచి తెప్పించుకోవడం
- అప్పటికే గుర్తింపు పొందిన కంపెనీకి విడిభాగాలు, సేవలు అందించే సంస్థ కావడం

గుర్తింపు వస్తే, పిటిషన్‌కు ఏడాది ముందు నుంచి గుర్తింపు తర్వాత రెండేళ్ల వరకు పని కోల్పోయినవారంతా దాని పరిధిలోకి వచ్చేవారు. అదే వీధిలో యంత్రాల వల్ల ఉద్యోగం పోయిన వ్యక్తికి మాత్రం ఇది వర్తించేది కాదు.

‘వస్తువు’ అంటే ఏమిటన్న వివాదానికి భారత్‌తోనూ సంబంధం ఉంది. సాఫ్ట్‌వేర్ పని భారత్ వంటి దేశాలకు తరలినప్పుడు, సీడీ రూపంలో లేని సాఫ్ట్‌వేర్ వస్తువు కాదంటూ కార్మిక శాఖ అర్జీలను తిరస్కరించేది. కోర్టు కేసుల తర్వాత 2006లో వైఖరి మార్చుకుంది. సేవా రంగానికి పూర్తి అర్హత 2009లో దక్కింది.

రెండో మెట్టు: వ్యక్తిగత అర్హత

బృందానికి గుర్తింపు వచ్చినంత మాత్రాన డబ్బు చేతికి వచ్చేది కాదు. నగదు భృతి కావాలంటే పని పోవడానికి ముందు 52 వారాల్లో కనీసం 26 వారాలు ఆ కంపెనీలో పనిచేసి ఉండాల్సి వచ్చేది. నిరుద్యోగ భృతి అయిపోయి ఉండాల్సి వచ్చేది. గుర్తింపు లేదా తొలగింపు, ఏది తర్వాతైతే అప్పటి నుంచి 26 వారాల్లోగా శిక్షణలో చేరాల్సి, లేదా మినహాయింపు పొందాల్సి వచ్చేది. ఈ గడువు దాటితే నగదు భృతి చేజారినట్టే అయ్యేది.

శిక్షణ ఖర్చు ప్రభుత్వమే భరించేది. నిరుద్యోగ భృతితో కలిపి గరిష్ఠంగా 130 వారాలు ఆదాయ మద్దతు ఉండేది. 50 ఏళ్లు దాటినవారు తక్కువ జీతానికి చేరితే పాత, కొత్త జీతాల తేడాలో సగం ఇచ్చేవారు. రెండేళ్లలో 10,000 డాలర్లు దీనికి పరిమితిగా ఉండేది. కొత్త ఉద్యోగంలో ఏడాది జీతం 50,000 డాలర్లు మించకూడదన్న నిబంధన ఉండేది.

ఇప్పుడేం జరిగింది?

కాంగ్రెస్ పొడిగించకపోవడంతో 2021 జులైలో పరిధి కుదించుకుపోయి, సేవా రంగం మళ్లీ బయటకు వెళ్లింది. 2022 జులై 1 నుంచి కొత్త గుర్తింపులు పూర్తిగా ఆగిపోయాయి. అప్పటికే గుర్తింపు పొంది, ఆ తేదీకి ముందే పని కోల్పోయినవారికే సాయం కొనసాగింది. 2025లో పరిశ్రమలను కాపాడతామంటూ ట్రంప్ ప్రభుత్వం సుంకాలను భారీగా పెంచినా, ఈ పథకానికి ఆ ఏడాది ప్రాణం పోయలేదు.

భారత్‌లో దిగుమతుల బాధితులకంటూ ఇలాంటి జాతీయ పథకం లేదు. ఈఎస్ఐ పరిధిలోని కార్మికులకు 2018లో వచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద సగటు వేతనంలో సగం చొప్పున, జీవితంలో 90 రోజులకు మించకుండా భృతి వస్తుంది. దిగుమతులే కారణమని నిరూపించమని అది అడగదు. అయితే ఈఎస్ఐ చందా రికార్డు లేని కార్మికుడికి ఆ తలుపు కూడా తెరుచుకోదు.