ఉద్యోగుల చదువు: అంగలూరు బస్సు నుంచి అరచేతి తెర దాకా

ఉద్యోగంలో చేరినవారి చేత మళ్లీ చదివించటం కొత్త సంగతి కాదు. అంతర్జాలం వచ్చిన తరువాతనే సంస్థలు తమ సిబ్బందికి దూరాన ఉండి పాఠాలు చెప్పటం మొదలుపెట్టాయని చాలామంది అనుకుంటారు. చరిత్ర చూస్తే అలా కనిపించదు. ఉద్యోగిని పాఠం దగ్గరకు రప్పించాలా, పాఠాన్నే ఉద్యోగి దగ్గరకు పంపాలా అన్న తర్జనభర్జన దాదాపు నూరేళ్లుగా నడుస్తున్నది. పోస్టులో వచ్చే పుస్తకం, ఉపగ్రహం, బ్యాంకు కౌంటరు మీది కంప్యూటరు, చివరకు చేతిలోని ఫోను. సాధనం మారినప్పుడల్లా ఆ ప్రశ్న కొత్త వేషంలో మళ్లీ ఎదురైంది. ఈ కథను కృష్ణా డెల్టా దిగువ భాగం నుంచి, అందులోనూ పామర్రు కూడలి నుంచి చెప్పుకుంటే కొన్ని విషయాలు తేటపడతాయని నా నమ్మకం.

పామర్రు దారులు కలిసే ఊరు. విజయవాడ నుంచి బందరు వెళ్లే జాతీయ రహదారి మీద ఉంది. అక్కడి నుంచే ఒక దారి గుడివాడ మీదుగా కైకలూరు, భీమవరం వైపు పోతుంది. మరొకటి కూచిపూడి, చల్లపల్లి మీదుగా దివిసీమలోకి దిగుతుంది. జీతం మీద బతికే మధ్యతరగతిని ఈ ప్రాంతంలో తయారుచేసిన కొలువులు ముఖ్యంగా రెండు: బడి, బ్యాంకు. ఆ రెండింటిలోనూ ఉద్యోగి చదువు ఎలా మారుతూ వచ్చిందో వరుసగా చూద్దాం.

ముందు బ్యాంకు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకును 1923 నవంబరు 20న బందరులో నమోదు చేయించారు. అదే నెల 28న లావాదేవీలు మొదలయ్యాయి. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. ఆ తరువాత అయిదేళ్లకు, 1928లో, దేశంలోని బ్యాంకు ఉద్యోగుల చదువు కోసం ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకర్స్ ఏర్పడింది. అది ఉద్యోగులను ఒకచోటికి రమ్మనలేదు. పాఠ్యప్రణాళిక ప్రకటించి, పరీక్ష పెట్టి, నెగ్గినవారికి పట్టా ఇచ్చింది. తరువాతి కాలంలో సీఏఐఐబీ అన్న పొడి అక్షరాలు బ్యాంకు ఉద్యోగుల ఇళ్లలో ఇంటిపేరంత పరిచయమైన మాట అయింది. పగలంతా లెడ్జర్లు రాసి, రాత్రి భోజనాలయ్యాక బ్యాంకింగు చట్టం ముందేసుకుని కూర్చున్న గుమస్తాల తరాలు మన వైపు ఉన్నాయి.

ఇక్కడ గమనించదగినది ఒకటుంది. ఆ చదువుకు పట్టిన పొద్దు ఉద్యోగిదే, సంస్థది కాదు. కాని ఆ పొద్దుకు సంస్థ వెల కట్టింది. పరీక్షలో భాగాలు నెగ్గితే జీతంలో అదనపు ఇంక్రిమెంట్లు కలిసేవి, పదోన్నతికి దారి సులువయ్యేది. నీ రాత్రి నాకిస్తే నీ జీతం పెంచుతాను అన్న ఒప్పందం అది. ఇరువైపులా తెలిసి చేసుకున్నదే కనుక అందులో దాపరికం లేదు.

1980 ఏప్రిల్ 15న ఆంధ్రా బ్యాంకు జాతీయం అయింది. 1983లో, మళ్లీ 1993లో బ్యాంకుల సంఘానికీ ఉద్యోగ సంఘాలకూ మధ్య యంత్రాల మీద, కంప్యూటర్ల మీద ఒప్పందాలు కుదిరాయి. కంప్యూటరు వస్తే కొలువు పోతుందేమోనన్న భయం నడుమ జరిగిన బేరాలవి. కొత్త యంత్రం మీద పని నేర్పటం సంస్థ బాధ్యత అన్న భావం ఆ రోజుల్లోనే బలపడింది. 2000 తరువాతి దశాబ్దంలో కోర్ బ్యాంకింగు వచ్చి శాఖలన్నిటినీ ఒకే తీగకు కట్టింది. ఖాతా ఏ తీగ మీద నడుస్తున్నదో పాఠం కూడా అదే తీగ మీద రావచ్చునని బ్యాంకులు గ్రహించటానికి ఎక్కువకాలం పట్టలేదు. సంస్థలు ఆన్‌లైను శిక్షణను అందుకున్న క్రమంలో ఇదొక సూత్రంలా కనిపిస్తుంది: పని ముందు తీగెక్కుతుంది, పాఠం దాని వెనక ఎక్కుతుంది. శిక్షణ కోసమే కంప్యూటర్లు కొన్న సంస్థల కంటే, కంప్యూటర్లు ఉన్నాయి కదా అని శిక్షణను వాటిలోకి మార్చిన సంస్థలే ఎక్కువ.

ఇక బడి. బడిపంతులు పని తీగ మీద నడిచేది కాదు, నల్లబల్ల మీద నడిచేది. అందువల్ల అక్కడ క్రమం వేరుగా సాగింది.

1986 నాటి జాతీయ విద్యావిధానం ప్రకారం జిల్లాకొక విద్యా శిక్షణ సంస్థ, అంటే డైట్, ఏర్పడాలన్నారు. కృష్ణా జిల్లాకు అది గుడివాడ దగ్గర అంగలూరులో ఉంది. దివిసీమ చివర నాగాయలంక వైపు పనిచేసే ఉపాధ్యాయుడు అంగలూరు రావాలంటే అవనిగడ్డ, చల్లపల్లి, పామర్రు, గుడివాడ దాటాలి. ఎదురుమొండి వంటి లంకలో బడి అయితే ముందు ఏటిపాయ దాటి, ఆ తరువాత బస్సు వెతుక్కోవాలి. శిక్షణ అంటే బస, భత్యం, బడికి సెలవో, లేదా పిల్లలను మరొకరికి అప్పగించటమో. పంపే శాఖకూ భారమే, వెళ్లే మనిషికీ శ్రమే. పాఠాన్నే పంపితే పోలేదా అన్న ఆలోచన పుట్టటానికి ఇంతకంటే కారణం అక్కరలేదు.

నిజానికి ఆ ఆలోచన డైట్‌ల కంటే ముందే పుట్టింది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా మన దేశం అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపింది. సైట్ అన్న పేరుతో ప్రసిద్ధమైన ప్రయోగమది. పిల్లల పాఠాలూ సేద్యం కబుర్లూ అందరికీ గుర్తున్నాయి గాని, అందులో ఉపాధ్యాయుల శిక్షణ కూడా ఉందన్న సంగతి మరుగున పడింది. పన్నెండేసి రోజుల చొప్పున రెండు విడతలలో సుమారు 48,000 మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధన నేర్పారు. వారంతా ఎవరి ఇంట్లో వారు కూర్చుని టీవీ చూడలేదు. టీవీ ఉన్నచోట గుమికూడారు. తెర మీద పాఠం అయ్యాక చేతిలో అచ్చు పుస్తకం, రేడియో పాఠం, ప్రయోగాలు చేయించటానికి పక్కన ఒక మార్గదర్శి ఉండేవారు. అంటే దూరం నుంచి వచ్చింది పాఠం మాత్రమే. దాన్ని అరిగించుకునే చోటు మాత్రం మనుషుల మధ్యనే ఉండేది. యాభై ఏళ్ల నాటి ఆ అమరికను ఈనాటి శిక్షణాధికారులు ఒకసారి తిరగేసి చూడటం మంచిది.

దాని తరువాత మన రాష్ట్రంలో గుర్తుంచుకోదగినది బ్రిటిష్ వారి సాయంతో 1980లలో మొదలై, విస్తరించి, 1996 దాకా నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. ఏపెప్ అంటే పాతతరం ఉపాధ్యాయులు ఇప్పటికీ గుర్తుపడతారు. ఆరు బోధనా సూత్రాలు, గోడల నిండా పిల్లల బొమ్మలు, ఉపాధ్యాయ కేంద్రాలు. ఈ చివరిదే మన కథకు ముఖ్యం. చుట్టుపక్కల బడుల పంతుళ్లు అప్పుడప్పుడూ ఒకచోట కలిసి, ఒకరు పాఠం చెప్పి చూపితే మిగిలినవారు మంచిచెడ్డలు మాట్లాడుకునేవారు. నేర్చుకోవటం కూడా ఉద్యోగంలో భాగమే, దాని కాలం సంస్థ లెక్కలోదే అని చెప్పిన ఏర్పాటు అది.

తరువాత మన టీవీ వచ్చి హైదరాబాదు స్టూడియో నుంచి ఉపగ్రహం ద్వారా పాఠాలు పంపింది. 2004లో కేవలం విద్య కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహం ఎగిరింది. 2017 సెప్టెంబరు 5న కేంద్రం దీక్ష అనే వేదికను మొదలుపెట్టింది. 2019 ఆగస్టులో నిష్ఠ అన్న పేరుతో దేశంలోని సుమారు 42 లక్షల మంది ప్రాథమిక స్థాయి ఉపాధ్యాయులకు, ప్రధానోపాధ్యాయులకు శిక్షణ సంకల్పించింది. అది మొదట ముఖాముఖి శిక్షణే. పై స్థాయిలో కొందరికి నేర్పితే, వారు కిందివారికి, వారు ఇంకా కిందివారికి నేర్పే మెట్ల పద్ధతి. అంతలో కరోనా వచ్చింది. మనుషులు ఒకచోట కూడటమే నిషిద్ధమైంది. 2020 జులై 16న నిష్ఠ తొలి ఆన్‌లైను శిక్షణ ఆంధ్రప్రదేశ్‌లోని 1,200 మంది కీలక శిక్షకులతోనే ఆరంభమైంది. దేశానికి మొదటి ప్రయోగశాల మన రాష్ట్రమే అయింది. అదే ఏడాది అక్టోబరు నుంచి 18 మాడ్యూళ్ల పాఠం దీక్ష మీదుగా ఇతర రాష్ట్రాల ఉపాధ్యాయుల ఫోన్లలోకి దిగింది. 2021లో ఉన్నత పాఠశాలలకూ, ఆ తరువాత చిన్నతరగతుల అక్షరజ్ఞానానికీ విడివిడిగా పాఠ్యక్రమాలు వచ్చాయి.

ఇందులోని లాభాన్ని తక్కువ చేయటం న్యాయం కాదు. మెట్ల పద్ధతిలో పైమెట్టు మీద కడివెడు పోస్తే కిందిమెట్టుకు గరిటెడు దిగేది. ఇప్పుడు గుడివాడ పట్టణంలోని టీచరుగారికీ ఎదురుమొండి మాస్టారికీ ఒకే గొంతు, ఒకే పాఠం. అర్థం కాకపోతే వెనక్కు తిప్పి మళ్లీ వినవచ్చు. చంటిబిడ్డ ఉన్న టీచరమ్మ పది రోజుల శిబిరానికి ఎలా పోవాలా అని బెంగపడనక్కరలేదు. పామర్రులో బస్సు తప్పిపోతుందేమోనన్న ఆదుర్దా లేదు.

పోయినది వేరే ఉంది. బ్యాంకు గుమస్తా తన రాత్రిని ఇచ్చి ఇంక్రిమెంటు తెచ్చుకున్నాడు. ఏపెప్ నాటి పంతులు నేర్చుకోవటానికి సంస్థ పగటిని ఇచ్చింది. ఫోనులోకి వచ్చిన శిక్షణకు మాత్రం వేళంటూ లేదు. ఎప్పుడైనా చేయవచ్చు అన్న సౌకర్యం, చేసిచూస్తే, బడి అయ్యాక, వంట అయ్యాక, పిల్లలు పడుకున్నాక చేయాలి అని తేలుతుంది. ఫోను ఉద్యోగిది, డేటా ఉద్యోగిది, పొద్దు కూడా ఉద్యోగిదే. పైగా చివరి ప్రశ్నావళిలో 70 శాతం వస్తే పట్టా వస్తుంది గనుక, పైనుంచి చూసేవారికి కనిపించేది ఎంతమంది పూర్తిచేశారన్న అంకె మాత్రమే. అంకె కోసం తొందర పెరిగినచోట వీడియో ఒకవైపు నడుస్తుంటుంది, మనిషి మరోవైపు ఉంటాడు. తప్పు ఆ మనిషిది మాత్రమే అనుకుంటే ఈ నూరేళ్ల చరిత్రను సగమే చదివినట్టు.

2020లోనే మరికొన్ని మార్పులు ఒక్కసారిగా కలిసివచ్చాయి. లాక్‌డౌను మొదలైన వారానికి, ఏప్రిల్ 1న, బందరులో పుట్టిన ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైంది. తరగతి గదిలో పక్కపక్కన కూర్చోబెట్టే వీలులేని రోజుల్లో ఒక సంస్థ సిబ్బంది మరో సంస్థ పద్ధతులకు అలవాటుపడవలసి వచ్చింది. ఆ జులైలో వచ్చిన కొత్త జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా 50 గంటలు వృత్తి శిక్షణ పొందాలన్నది. సెప్టెంబరు 2న కేంద్ర మంత్రివర్గం మిషన్ కర్మయోగిని ఆమోదించి, ప్రభుత్వోద్యోగుల చదువును కూడా ఆన్‌లైను వేదిక మీదికి మళ్లించింది. అవసరార్థం వచ్చిన ఏర్పాటు అలవాటుగా నిలిచింది.

కనుక ఒక సంస్థ ఆన్‌లైను శిక్షణను మొదలుపెట్టినప్పుడు అడగవలసింది ఏ వేదిక, ఎన్ని మాడ్యూళ్లు అని కాదు. ఆ 50 గంటలు ఎవరి పొద్దులోంచి వస్తాయి? విన్నదాన్ని గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోటు ఎక్కడ? మొదటిదానికి 1928 నాటి బ్యాంకర్లు ఒక జవాబు చెప్పారు, ఏపెప్ మరొక జవాబు చెప్పింది. రెండవదానికి 1975లో టీవీ పెట్టె ముందు గుమికూడిన పంతుళ్లే జవాబు. అంగలూరు ప్రయాణం తప్పినందుకు ఎవరూ విచారించనక్కరలేదు. కాని శిక్షణ ముగించుకుని తిరుగు బస్సులో, ఈ పద్ధతి మా బడిలో నడవదండీ, మీ బడిలో ఎలా చేశారు, అని ఒకరినొకరు అడిగిన మాటలు కూడా శిక్షణలో భాగమే. ఆ భాగాన్ని తెర మీదికి ఎక్కించటం ఇంకా ఎవరికీ పూర్తిగా చేతకాలేదు.

బ్యాంకు పరీక్షలు రాసినవారూ, ఏపెప్ సమావేశాలలో కూర్చున్నవారూ మీ ఇళ్లలో ఉండే ఉంటారు. వారిని కదిలించి, ఆ రోజుల్లో ఏ వేళ చదివేవారో, ఎవరితో కలిసి చదివేవారో అడిగి రాస్తే ఈ చరిత్రకు నిండుదనం వస్తుంది.