మన్ననూరు గేటు ఎందుకు పడాలి?

హైదరాబాద్‌ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దాటితే నల్లమల మొదలవుతుంది. ఇప్ప, తునికి, నల్లమద్ది చెట్లు, వెదురు పొదల మధ్య మలుపులు తిరుగుతూ రోడ్డు ఫర్హాబాద్‌, వట్వర్లపల్లి మీదుగా దోమలపెంట చేరుతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఈ దారిలో రాకపోకలు బంద్‌. వేళ తప్పి వచ్చినవాళ్లు గేటు దగ్గర విసుక్కోవడం మామూలే. అయితే ఇవాళ మనం కారు అద్దాలు దించుకుని చూసే ఈ పచ్చదనం, మనుషుల రాకపోకలకు ఎప్పుడూ ఏదో ఒక హద్దు ఉండబట్టే మిగిలిందని ఈ అడవి చరిత్ర చెబుతుంది.

తారు రోడ్డు పడకముందు ఆ హద్దును కొండలే గీశాయి. మల్లన్న దర్శనానికి భక్తులు కాలినడకన వెళ్లేవారు. స్వామిని చెంచు మల్లయ్యగా, తమ ఇంటి అల్లుడిగా కొలిచే చెంచులకే ఆ అడవి గుట్టంతా తెలుసు. నిజాం కాలంలో వేట పేరుతో మరో హద్దు వచ్చింది. ఫర్హాబాద్‌లో వేట విడిది వెలిసింది. అది అడవి మీద ప్రేమతో పెట్టిన కట్టడి కాదు, ఏలినవారి వినోదం కోసం పెట్టింది. స్వాతంత్ర్యం తర్వాత, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దన్నుతో ఈ అడవి 1978లో అభయారణ్యమైంది, 1983లో ప్రాజెక్టు టైగర్‌లో చేరింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్‌ పులుల అభయారణ్యంగా ఉంది. ఒకప్పటి కట్టడి ఒక్కరి సరదా కోసమైతే, ఇప్పటిది సామాన్యుడికీ సంపన్నుడికీ ఒకటే. ప్రజాస్వామ్యం అడవికి చేసిన మేలు ఇదే.

రాత్రే ఎందుకు ఆపాలని అడిగేవారున్నారు. పులి, చిరుత, ఎలుగుబంటి ఎక్కువగా తిరిగేది చీకట్లోనే. పగటి ఎండకు కాగిన తారు రాత్రి కూడా వెచ్చగా ఉండటంతో పాములు దాని మీదికి చేరతాయి. హెడ్‌లైట్ల వెలుగు కళ్లలో పడితే దుప్పి కదలకుండా నిలబడిపోతుంది. డ్రైవర్‌ ఎంత జాగ్రత్తపరుడైనా ఆ క్షణంలో చేయగలిగింది తక్కువ. కర్ణాటకలోని బందీపూర్‌లోనూ 2009 నుంచి ఇదే వేళల్లో రాకపోకలు ఆపుతున్నారు. ఎత్తైన వంతెన రోడ్డు వేస్తే గొడవే ఉండదన్నది ఇంకో వాదన. దాని కింద జంతువులు దాటగలవు, నిజమే. కానీ మోత, వెలుతురు ఆగవు. కాబట్టి వంతెన వచ్చినా రాత్రి గేటు అవసరం తీరదు. ప్రాణాపాయంలో ఉన్నవారికి దారి ఇవ్వాల్సిందే, అందులో రెండో మాట లేదు. మిగతా ప్రయాణాలు తెల్లారేదాకా ఆగగలవు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం చెంచులది. యాత్రికుల బండ్లకు దారి ఇస్తూ, అడవిలో పుట్టిన తమను మాత్రం బయటికి పొమ్మంటే అది న్యాయమా? కాదు. 1940లో వీరి మధ్య ఉండి పరిశీలించిన మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ 1943లో అచ్చేసిన పుస్తకం, ఈ అడవితో చెంచుల బతుకు ఎంతగా ముడిపడి ఉందో చూపింది. కొండ చరియల మీంచి తాళ్ల సాయంతో దిగి తేనె తీసే మనిషినీ, గంటకు 80 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే బండినీ ఒకే గాటన కట్టకూడదు. 2006 అటవీ హక్కుల చట్టం వారికిచ్చిన హక్కులను నిలబెట్టడమూ, బండ్లను రాత్రి ఆపడమూ ఒకదానికొకటి అడ్డు కావు. హద్దు పెట్టాల్సింది అడవిలో బతికేవారికి కాదు, దాన్ని దాటిపోయే మనకు. రాత్రి తొమ్మిది గంటలు మనం వదులుకుంటేనే, మన తర్వాతివారికీ పగటిపూట చూడటానికి ఆ దారి పక్కన అడవి ఉంటుంది.