ముట్టడిలో వెలువడిన పత్రిక

ఎర్రసముద్రం ఒడ్డున, నేటి సౌదీ అరేబియా పశ్చిమ తీరాన, హిజాజ్ అనే ప్రాంతమున్నది. మక్కా, మదీనా, జెద్దా నగరాలు అందులోనివే. 1925లో ఆ ప్రాంతం కోసం ఇద్దరు పాలకులు పోరాడారు. ఇద్దరి పక్షానా చెరొక పత్రిక వెలువడేది. వాటిలో ఒకటి నేటికీ నడుస్తున్నది. రెండవది ఏడాదికి కొంచెం మించి జీవించి, తన రాజుతోపాటే అంతరించింది. ఆ రెండవ పత్రిక పేరు ‘బరీద్ అల్ హిజాజ్’. బరీద్ అంటే టపా.

దాని పుట్టుకకు కొంత పూర్వకథ ఉన్నది. హిజాజ్ చిరకాలం తుర్కుల ఉస్మానియా సామ్రాజ్యంలో భాగం. వారి ఏలుబడిలో, 1908లో, ‘హిజాజ్’ అనే పత్రిక అరబ్బీ, తుర్కీ భాషలలో మక్కాలో ఆరంభమైంది. 1916 జూన్‌లో మక్కా షరీఫు హుసేన్ తుర్కులపై తిరగబడ్డాడు. ఆగస్టులో ఆయన పక్షాన ‘అల్ ఖిబ్లా’ వెలువడింది. 1924లో నజ్ద్ సుల్తాను అబ్దుల్ అజీజ్ సేనలు దండెత్తి వచ్చాయి. అక్టోబరులో హుసేన్ సింహాసనాన్ని వదలుకోగా, కుమారుడు అలీ రాజైనాడు. కొద్ది రోజులకే మక్కా చేజారింది. అలీ జెద్దాలో నిలిచాడు.

నవంబరులో, ఆ జెద్దాలోనే, ముహమ్మద్ సాలిహ్ నసీఫ్ ‘బరీద్ అల్ హిజాజ్’ను ప్రారంభించాడు. మరుసటి నెలలో మక్కా నుండి, యూసుఫ్ యాసీన్ సంపాదకత్వాన, అబ్దుల్ అజీజ్ పక్షపు ‘ఉమ్ముల్ ఖురా’ బయలుదేరింది. 1925 జనవరిలో మొదలైన జెద్దా ముట్టడి దాదాపు ఏడాది సాగింది. ఒకదానికొకటి ఎక్కువ దూరం కాని రెండు పట్టణాల నుండి, ఒకే భాషలో, రెండు ప్రభుత్వాల మాట అచ్చవుతూ వచ్చింది.

ఇది కేవలం రాజుల తగవు కాదు. సాధారణ సంవత్సరాలలో మన దేశపు హజ్ యాత్రికులు బొంబాయిలో ఓడ ఎక్కి జెద్దాలో దిగేవారు. హైదరాబాదు నిజాములు తమ రాజ్యపు యాత్రికుల కోసం మక్కాలో సత్రాలు నడిపేవారు. ముట్టడి ఏడాది మాత్రం రాబిగ్, లీత్, ఖున్‌ఫుదా రేవులే యాత్రికులకు దారి అయ్యాయి. ఏ రేవులో దిగాలి, ఏ దారి క్షేమం అన్న ప్రశ్నకు ప్రాణంతో ముడి ఉన్నది.

1925 డిసెంబరులో జెద్దా లొంగిపోయింది. అలీ ఇరాక్ చేరాడు. ‘బరీద్ అల్ హిజాజ్’ ఆగిపోయింది. 1926 జనవరి 8న అబ్దుల్ అజీజ్ హిజాజ్ రాజైనాడు. 1932 సెప్టెంబరు 23న సౌదీ అరేబియా అనే పేరు స్థిరపడింది. ‘ఉమ్ముల్ ఖురా’ ఆ రాజ్యపు అధికార పత్రికగా నిలిచింది.

గెలిచినవారి పత్రిక నిలుస్తుంది, ఓడినవారిది అరుదైపోతుంది. మొదటిదానినే చదివితే రాజ్యం విస్తరించిన కథ తెలుస్తుంది. రెండవది కూడా చదివితేనే ముట్టడిలో చిక్కిన నగరం కనబడుతుంది. పాలన మారే వేళ ఎదురు మాట అచ్చువేయడం ప్రమాదకరమని మన తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. హైదరాబాదు భారతదేశంలో కలవాలని రాసిన ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ 1948 ఆగస్టులో హత్యకు గురయ్యాడు. నెల తిరగకముందే నిజాం పాలన ముగిసింది.

అయితే ఈ రెండు హిజాజ్ పత్రికలూ పాలకుల అవసరానికి పుట్టినవే. రేవులో మూటలు మోసినవాడు తన మాట తాను అచ్చువేసుకోగల రోజులు కావవి. కూలి ఒప్పందంపై సముద్రం దాటిన మన పూర్వుల సంగతీ అంతే. ఓడల జాబితాలలో వారి పేరు, తండ్రి పేరు, ఊరు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు ఉన్నాయి. వారి మాట లేదు. ఆ జాబితాలు యజమానుల వైపు కాగితాలు.

మన వైపు కాగితాలు ఎక్కడైనా ఉంటే, అవి ఇళ్ళలోని పాత పెట్టెలలోనే ఉంటాయి: ఊరి నుండి వచ్చిన కార్డు, భజన రాసుకున్న పుస్తకం, పెళ్ళి ఖర్చుల లెక్క. చదవడం రాలేదని వాటిని పారవేయరాదు. మన పిల్లలు నేర్చుకుంటున్న అక్షరాలు అవే.